రొమ్ము క్యాన్సరు చికిత్స - మచ్చులో లేని మన స్త్రీలు

గత మాసమున మన సంఘ కుటుంబములలో ఒకదానికి చెందిన ఇల్లాలు, భర్తతోను మరదితోను కలిసి మా అంగడికి వచ్చెను. ఆమెకు నలుబది మూడేండ్లు. ఎడమ రొమ్మున గడ్డ కనిపించి పది నెలలైనది. మగ్గముల పని, కుమార్తె వివాహము, ఊరి జాతర - ఇట్లు ఒకదాని వెనుక ఒకటి అడ్డురాగా ఆమె ఎవరికిని చెప్పలేదు. తుదకు బెంగళూరులోని ఒక ఆసుపత్రికి పోగా క్యాన్సరు అని తేలినది. చికిత్స ఆరంభింపక మునుపు అచటి వైద్యులు, "ఒక పరిశోధనలో చేరుదురా?" అని అడిగి, ఇరువది పుటల కాగితముల కట్టను చేతికిచ్చిరట. ఆ కాగితములు ఇంగ్లీషులోను కన్నడములోను ఉన్నవి. భర్త కన్నడము చదువగలడు. కాని అందలి వైద్యపు మాటలు ఆయనకు కొరుకుడుపడలేదు. ఆమె బడికి పోయినది మూడేండ్లే. ఆమె మమ్ము చూచి అన్న మాట ఇది: "అన్నా, నా మీద మందు పరీక్ష చేస్తారంట. నేనేమన్నా ఎలుకనా?"

ఆ ప్రశ్నకు మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. "సంతకము పెట్టవద్దమ్మా" అనుట సులభము. "వైద్యులు చెప్పినట్లు చేయుము" అనుటయు సులభమే. రెండింటిలో ఏది చెప్పినను ఆమె పడవలసిన బాధను మేము పడము గదా! మేము వైద్యులము కాము. మా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. కావున తెలిసిన వైద్యులను అడిగి, దొరకినంత చదివి, తెలిసికొన్నదానిని నేడు మన సభ్యుల ముందుంచుచున్నాము. ఇందు మేము చెప్పదలచినది ఒక్కటే. మందులు ఎవరిపై పరీక్షింపబడినవో వారి విషయమే లోకమునకు చక్కగా తెలియును. ఆ లెక్కలో మన స్త్రీలు మిక్కిలి తక్కువగా ఉన్నారు. వారు లెక్కలోనికి రావలయును. కాని తమ భాషలో విని, తెలిసి, తమ ఇష్టముతో రావలయును.

మచ్చు, సరకు

వ్యాపారములో ఉన్నవారికిని, మగ్గములు నడుపువారికిని ఈ సంగతి చెప్పుట కష్టము కాదు. పట్టునూలు కొనునపుడు మచ్చు చూచి కొందుము. ఒక ఊరి నూలు మచ్చు చూచి వేరొక ఊరి నూలుకు వెల కట్టము. రెండును పట్టే, అయినను రంగు పట్టుటలోను, పోగు తెగుటలోను తేడా ఉండవచ్చును. మగ్గము మీదికి ఎక్కించిన తరువాతగాని అది తెలియదు.

క్రొత్త మందు విషయమును ఇట్టిదే. కొన్ని వందలు లేక వేలమంది రోగులను చేర్చుకొని, కొందరికి క్రొత్త చికిత్స, కొందరికి పాత చికిత్స ఇచ్చి, ఎవరికి మేలు కలిగినదో ఏండ్ల తరబడి కనిపెట్టి చూతురు. దీనినే వైద్యులు ట్రయల్ అందురు. అది వైద్యశాస్త్రపు మచ్చు. ఈ మచ్చు బహుకాలము ఐరోపా, అమెరికా ఖండముల తెల్లజాతి స్త్రీలనుండియే ఎక్కువగా వచ్చినది. ఆ లెక్కలలో "ఆసియా వారు" అని ఒక వరుస ఉండవచ్చును. కాని చైనీయులు, జపానీయులు, కొరియా వారు, మనము - అందరమును ఆ ఒక్క గంపలోనే పడుదుము. బాగుగా వయస్సు చెల్లినవారిని, గుండెజబ్బు మొదలగు ఇతర వ్యాధులు గలవారిని తరచుగా చేర్చుకొనరు. నూరుమంది రొమ్ము క్యాన్సరు రోగులలో సుమారు ఒక్కరు పురుషులు. వారి సంగతి పట్టించుకొన్నవారు మరింత తక్కువ.

ఈ కొరతను గుర్తించియే అమెరికా ప్రభుత్వము 1993లో, తన ధనముతో జరుగు రోగి పరిశోధనలలో స్త్రీలను, అల్పసంఖ్యాక జాతులవారిని చేర్చవలయునని చట్టము చేసినది. చట్టము వచ్చినంత మాత్రమున కొరత తీరలేదు. అయినను అది కొరతయే అని ఒప్పుకొనుట మొదటి మెట్టు.

మనవాని మందు, హార్లెమ్ వైద్యురాలు

ఈ విషయమున మన తెలుగువారు గర్వింపదగిన ఒక కథ ఉన్నది. భీమవరమున 1895లో జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు నాయకత్వము వహించిరి. ఫోలిక్ ఆమ్లమును అడ్డగించు మందులు ఆయన బృందము చేతులమీదుగా తయారైనవి. వానిలో ఒకటి నేటికిని ఆసుపత్రులలో వాడబడుచున్న మెథోట్రెక్సేట్. సుబ్బారావుగారు 1948లోనే కన్నుమూసిరి.

ఆ జాతి మందు రొమ్ము క్యాన్సరుపై పనిచేయునని 1951లో చూపినవారు ఎవరు? డాక్టరు జేన్ రైట్ అను నల్లజాతి వైద్యురాలు. న్యూయార్కులో నల్లజాతివారు ఎక్కువగా నివసించు హార్లెమ్ ప్రాంతపు ఆసుపత్రిలో ఆమె తన తండ్రి మొదలగు వైద్యులతో కలిసి పనిచేసిరి. తరువాత 1976లో ఇటలీ దేశపు మిలాన్ నగరమున డాక్టరు బొనడొన్నా, మెథోట్రెక్సేట్‌తో మరి రెండు మందులు కలిపి, శస్త్రచికిత్స పిమ్మట ఇచ్చినచో వ్యాధి తిరుగబెట్టుట తగ్గునని ప్రకటించిరి. ఆ మూడు మందుల కూర్పు ప్రపంచమంతట ఏండ్ల తరబడి వాడుకలో ఉండెను.

చూడుడు! తెలుగువాని బుద్ధి, నల్లజాతి వైద్యురాలి పరిశ్రమ, ఇటలీ స్త్రీల ఓర్పు - ఈ మూడును కలిసి ఒక చికిత్స అయినది. మందు చేయుటలో మనవాడు ఉన్నాడు. మందు పరీక్షలో మనవారు లేరు. ఈ రెండవ మాటయే నేడు మనము ఆలోచింపవలసినది.

తేడా నిజముగా ఉన్నదా?

"మనిషి శరీరము ఎక్కడైనను ఒకటే గదా, తెల్లవారికి పనిచేసిన మందు మనకు పనిచేయదా?" అని కొందరు అడుగుదురు. చాలవరకు పనిచేయును. ఇది మొదట గట్టిగా చెప్పవలసిన మాట. మన స్త్రీలు మచ్చులో లేరని చెప్పి మందు మానివేయుట ఆత్మహత్యతో సమానము. కాని అన్నియు ఒకేరీతిగా ఉండవని తెలుపు నిదర్శనములును ఉన్నవి.

రొమ్ము క్యాన్సరు ఒక్క వ్యాధి కాదు. గడ్డలోని ముక్క తీసి మూడు గుర్తులకై పరీక్షింతురు: ఈ.ఆర్., పీ.ఆర్., హెర్-2. మొదటి రెండు ఉన్నచో టామాక్సిఫెన్, లెట్రోజోల్ వంటి హార్మోను మాత్రలు పనిచేయును. మూడవది ఉన్నచో ట్రాస్టుజుమాబ్ అను సూదిమందు పనిచేయును. మూడును లేనిచో దానిని ట్రిపుల్ నెగటివ్ అందురు; దానికి కీమోథెరపీయే ప్రధానాధారము. పాశ్చాత్య దేశములలో నూటికి పది పదునైదుగురికి వచ్చు ఈ మూడవ రకము, మన దేశపు ఆసుపత్రుల లెక్కలలో నాల్గవ వంతునుండి మూడవ వంతువరకు కనిపించుచున్నది. మన స్త్రీలకు ఈ వ్యాధి పాశ్చాత్య స్త్రీలకంటె సుమారు పదేండ్లు ముందుగా వచ్చుచున్నది.

అట్లయిన మన స్త్రీలపైననే పరీక్షించినచో ఏమి తెలియును? బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రివారు ట్రిపుల్ నెగటివ్ వ్యాధిగల సుమారు 720 మంది స్త్రీలను చేర్చి, మామూలు కీమోథెరపీకి కార్బోప్లాటిన్ అను పాతమందును కలిపి చూచిరి. 2022లో ఫలితము చెప్పిరి. ఏబది ఏండ్లు, అంతకు తక్కువ వయస్సుగల స్త్రీలకు స్పష్టమైన మేలు కలిగినది. అంతకు పైబడినవారికి అట్టి మేలు కనబడలేదు. ఒకే దేశము, ఒకే వ్యాధి, ఒకే మందు. వయస్సును బట్టి ఫలితము వేరు. చిన్న వయస్సు రోగులు ఎక్కువగా గల మన దేశములో చేసినందువలననే ఇది ఇంత స్పష్టముగా తేలినది.

అమెరికాలోని నల్లజాతి స్త్రీలకు రొమ్ము క్యాన్సరు తెల్లవారికంటె కొంచెము తక్కువగానే వచ్చును; కాని దానివలన మరణించుట సుమారు నూటికి నలుబది వంతులు ఎక్కువ. పాక్లిటాక్సెల్ అను మందు వలన చేతులు కాళ్ళు తిమ్మిరెక్కి నరములు దెబ్బతినుటయు వారిలో ఎక్కువగా కనిపించెను. అందువలన కేవలము నల్లజాతి స్త్రీలతోనే ఒక పరిశోధన చేసి, దానికి బదులు డోసిటాక్సెల్ ఇచ్చినచో ఆ బాధ తక్కువగా ఉన్నదని ఇటీవల కనుగొనిరి. వారిని వేరుగా లెక్కింపకున్న ఈ సంగతి ఎవరికి తెలియును?

మన ఇంటి ఉదాహరణమును ఒకటి చెప్పుదుము. శస్త్రచికిత్సకు మునుపు కండరములను సడలించుటకై ఇచ్చు సక్సినైల్‌కోలిన్ అను మందు కొద్ది నిమిషములలోనే శరీరమున విరిగిపోవలెను. కాని మన వైశ్య కుటుంబములలో కొందరికి దానిని విరుగగొట్టు పదార్థము పుట్టుకతోనే కొరత. అట్టివారికి మందు విడువక గంటల తరబడి ఊపిరి తీయుట కష్టమగును. ఇతరులకంటె ఈ కొరత వైశ్యులలో ఎన్నో రెట్లు ఎక్కువ. దక్షిణదేశపు మత్తు వైద్యులకు ఇది బాగుగా తెలిసిన విషయము. రొమ్ము శస్త్రచికిత్సయైనను, మరి ఏ శస్త్రచికిత్సయైనను, ఇంటిలో ఎవరికైన ఇట్లు జరిగియుండినచో ముందుగానే చెప్పవలయును. ఎక్కడో దూరదేశమున చేసిన పరీక్షలో ఈ సంగతి బయటపడి ఉండెడిది కాదు. మనవారిని చూచిన వైద్యులకే తెలిసినది.

రక్తమొక్కటే కారణము కాదు

అయినను సర్వమును రక్తముపైకి త్రోసివేయుట సరికాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగపు అంచనా ప్రకారము 2022లో మన దేశమున సుమారు 1,92,000 మందికి రొమ్ము క్యాన్సరు క్రొత్తగా వచ్చినది. సుమారు 98,000 మంది మరణించిరి. వ్యాధి తెలిసిన అయిదేండ్లకు బ్రతికియుండువారు అమెరికాలో నూటికి సుమారు 90. మన దేశమున పదునొకండు ప్రాంతముల నమోదులను పరిశీలించి 2024లో ప్రకటించిన లెక్కలో సుమారు 66. ఇంత తేడా ఎందువలన?

ఆ లెక్కయే సమాధానము చెప్పుచున్నది. వ్యాధి రొమ్ములోనే ఉండగా వచ్చినవారిలో నూటికి 81 మంది అయిదేండ్లు దాటిరి. చంకలోని గడ్డలకు ప్రాకిన పిమ్మట వచ్చినవారిలో సుమారు 65 మంది. దూరపు అవయవములకు ప్రాకిన పిమ్మట వచ్చినవారిలో 18 మందియే. మందు అదే, వైద్యులు వారే. వచ్చిన వేళ వేరు. మన ఇల్లాలి పది నెలల మౌనము ఎంత ఖరీదైనదో ఈ అంకెలు చెప్పుచున్నవి. ఆలస్యముగా పోవుట, సగములో మానివేయుట, మాత్రలు అయిదేండ్లు వాడుమనిన రెండేండ్లకే విడిచిపెట్టుట - ఇవన్నియు చికిత్స పనిచేయకపోవుటగానే పైకి కనబడును.

బొంబాయివారే 1998 మొదలు 1,51,538 మంది స్త్రీలతో ఇరువదేండ్లు సాగించిన మరియొక పరిశీలనను 2021లో ప్రకటించిరి. యంత్రములు లేవు. శిక్షణ పొందిన ఆడ ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లకొకమారు చేతితో రొమ్ము పరీక్షించిరి. ఏబది దాటిన స్త్రీలలో ఈ వ్యాధి మరణములు నూటికి సుమారు ముప్పది వంతులు తగ్గినవి. 2023లో ప్రకటించిన ఇంకొక పరిశోధనలో, దేశములోని 11 ఆసుపత్రులలో 1,600 మంది స్త్రీలకు శస్త్రచికిత్సకు కొద్ది నిమిషముల ముందు గడ్డ చుట్టును లిడోకేన్ అను మామూలు తిమ్మిరి మందు ఎక్కించి చూచిరి. పంటి వైద్యుడు వాడునట్టి మందు అది. ఎక్కింపనివారిలో అయిదేండ్లకు నూటికి 86.4 మంది బ్రతికియుండగా, ఎక్కించినవారిలో 90.1 మంది ఉండిరి. ఖర్చు అతి స్వల్పము.

ఈ పరిశోధనలలో చేరిన స్త్రీలెవరు? మనవంటి ఇండ్లలోని తల్లులు, అక్కచెల్లెండ్రే. వారు "మేమేమైన ఎలుకలమా" అని లేచిపోయి ఉండినచో నేడు ఈ జ్ఞానము లేదు.

భయము నిరాధారము కాదు

ఇట్లు వ్రాసినందున మన ఇల్లాలి భయమును మేము తేలికగా త్రోసివేయుచున్నామని తలపవలదు. ఆ భయమునకు మన తెలుగు నేలమీదనే కారణములున్నవి.

2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ళకు చెందిన కూలి స్త్రీలను ధనాశ చూపి హైదరాబాదునకు తీసికొనిపోయి, రొమ్ము క్యాన్సరుకు వాడు మందును వారిపై పరీక్షించిరి. వారికి ఆ వ్యాధియే లేదు. తిరిగి వచ్చిన పిమ్మట కీళ్ళనొప్పులు మొదలగు బాధలు చెప్పుకొనిరి. విషయము పత్రికల కెక్కగా కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆ పరిశోధన సంస్థకిచ్చిన అనుమతిని నిలిపివేసెను. అంతకు మునుపే, 2009లో, ఖమ్మము జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు టీకాను వేలకొలది బాలికలకు వేసిరి. అనేకుల విషయమున తల్లిదండ్రులకు బదులు వసతిగృహముల అధికారులు సంతకములు చేసిరి. 2010లో ప్రభుత్వము ఆ కార్యక్రమమును ఆపివేసినది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దానిని తీవ్రముగా ఖండించినది. టీకా మంచిదే కావచ్చును. బాలికల మరణములకు టీకా కారణము కాదని విచారణలో తేలినది కూడ. కాని అడుగవలసిన వారిని అడుగకపోవుట తప్పు. ఆ తప్పు టీకాకే చెడ్డపేరు తెచ్చినది.

ఇందలి విపరీతమును గమనింపుడు. వ్యాధిలేని పేద స్త్రీ శరీరము మందు పరీక్షకు పనికివచ్చినది. వ్యాధిగల అదే పేద స్త్రీకి మేలు చేయు చికిత్స ఏదో కనుగొను పరిశోధనలో మాత్రము ఆమెకు చోటు దొరకదు. మనము కోరవలసినది మొదటిది కాదు, రెండవది.

నేడు నియమములు కొంత మెరుగుపడినవి. 2009 జూన్ నుండి ప్రతి ట్రయల్‌ను జాతీయ పట్టికలో నమోదు చేయుట తప్పనిసరి. ఆ పట్టిక ఎవరైనను చూడవచ్చును. 2019 నియమముల ప్రకారము పరిశోధన వలన హాని కలిగినచో ఉచిత చికిత్సయు నష్టపరిహారమును ఇవ్వవలయును. రోగికి అర్థమగు భాషలో విషయము చెప్పి అంగీకారము పొందవలయును. ఎప్పుడు మానదలచినను మానవచ్చును. మానినందున మామూలు చికిత్స ఆపరాదు.

మరియొక సంగతి కూడ కలదు. అమెరికా, ఇంగ్లండు, జపాను, ఆస్ట్రేలియా, కెనడా, ఐరోపా సమాజములలో అనుమతి పొందిన కొన్ని తరగతుల క్రొత్త మందులకు మన దేశమున మరల ట్రయల్ అక్కరలేదని కేంద్ర ప్రభుత్వము 2024 ఆగస్టులో ఉత్తర్వు చేసినది. మంచి మందు త్వరగా వచ్చుట మేలే. ప్రాణము మీదికి వచ్చిన రోగిని ఏండ్ల తరబడి ఆగుమనరాదు. కాని అట్లు వచ్చిన మందు మనవారికి ఎట్లు పనిచేసినదో అమ్మకమునకు వచ్చిన పిమ్మటనైనను లెక్క తీసి బహిరంగముగా ప్రకటింపవలయును. లేనిచో పరుల మచ్చు చూపి మనకు సరకు అమ్మినట్లే అగును. ఇది వర్తకులమైన మాకు సమ్మతము కాదు.

దొడ్డబళ్ళాపురపు తెలుగు ఇల్లు

ఇప్పుడు మన ఊరి మాటకు వత్తము. మన కుటుంబములు ఇచట తరతరములుగా ఉన్నవి. బిడ్డలు కన్నడ బడులలో చదువుచున్నారు. అంగడిలో కన్నడము, ఇంటిలో తెలుగు. ఇరుగుపొరుగు కన్నడ సోదరులతో మనకు ఏ భేదమును లేదు, ఉండకూడదు. కాని రొమ్మున గడ్డ, చీముకారుట, నెలసరి, గర్భము - ఇట్టి మాటలు మన ఆడువారు తల్లి నేర్పిన భాషలోనే చెప్పగలరు. అదియు పరపురుషుని ఎదుట కాదు. భర్తయో మరిదియో దుబాసీ పని చేయుచుండగా ఆమె సగము చెప్పును, వారు అందులో సగము చెప్పుదురు. వైద్యునికి చేరునది పావువంతు. ఆ పావువంతుపైననే చికిత్స నిర్ణయమగుచున్నది.

బెంగళూరులో 1973లో వెలసిన కిద్వాయి స్మారక క్యాన్సరు సంస్థకు కర్ణాటకమునుండియే గాక అనంతపురము, చిత్తూరు సీమలనుండియు రోగులు వచ్చుచున్నారు. తెలుగు మాటలాడు రోగి బెంగళూరు ఆసుపత్రులకు క్రొత్త కాదు. కావున సమ్మతిపత్రము తెలుగున కూడ ఇండని అడుగుటలో గొంతెమ్మ కోరిక ఏదియు లేదు. ఇది కన్నడమునకు వ్యతిరేకము కాదు. కన్నడముతోపాటు మరియొక కాగితము. నియమమే "రోగికి అర్థమగు భాష" అనుచున్నది. అడుగనిది అమ్మయైనను పెట్టదు. అడుగవలసినవారము మనము.

బెంగళూరుకు మరియొక విశేషము ఉన్నది. ట్రాస్టుజుమాబ్ మందునకు సమానమైన దానిని ఈ నగరపు బయోకాన్ కంపెనీవారు తయారుచేసి 2014లో మన దేశమున అమ్మకమునకు తెచ్చిరి. పలు దేశముల స్త్రీలపై పరీక్షించిన పిమ్మట 2017 డిసెంబరులో అమెరికా కూడ దానిని అంగీకరించినది. మనకు ఒక్క పూట ప్రయాణములో మందు తయారగుచున్నది. ఆ మందు దొడ్డబళ్ళాపురపు ఇల్లాలికి అవసరమా కాదా అని చెప్పు హెర్-2 పరీక్ష ఆమె చేయించుకొనకున్న, మందు ఎంత దగ్గరగా ఉన్నను ఏమి లాభము?

మన సంఘము చేయవలసినది

ఉగాది ఉత్సవమునకు మనము చందాలు వేసికొందుము. శ్రీరామనవమికి పానకము పంచుదుము. ఇవి ఉండవలసినవే. కాని మన ఆడువారి ఆరోగ్యము కొరకు సంఘము ఒక్క దినమైనను కేటాయించినదా? లేదు. ఈ తప్పులో మొదటి భాగము మాదే. ఇన్నేండ్లు సంఘపు పని చూచుచు ఈ ఆలోచన మాకు రాలేదు. ఇకనైనను ఈ క్రింది పనులు చేయుదమని మా సూచన.

ఒకటి: తెలుగు, కన్నడము రెండును చదువగల ఆడువారు నలుగురైదుగురు ముందుకు రావలయును. ఆసుపత్రికి పోవు రోగితో వారిలో ఒకరు తోడుపోయి, ఆమె మాట వైద్యునికి, వైద్యుని మాట ఆమెకు చేర్చవలయును. బస్సు ఖర్చు సంఘము భరించును. విన్నది బయట చెప్పరాదు. ఇది మొదటి నియమము.

రెండు: ముప్పది ఏండ్లు దాటిన ప్రతి స్త్రీయు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములో జరుగు ఉచిత పరీక్షకు పోవలయును. సిగ్గు పడువారు ముగ్గురు నలుగురు కలిసి పోవచ్చును. నొప్పి లేని గడ్డయే మోసకారి గడ్డ. నొప్పి లేదుగదా అని ఊరుకొనరాదు.

మూడు: వ్యాధి తేలినచో ఈ.ఆర్., పీ.ఆర్., హెర్-2 ఫలితముల కాగితము అడిగి తీసికొని, అన్ని కాగితములను ఒక సంచిలో భద్రపరుపవలయును. తల్లికి, పినతల్లికి, మేనత్తకు ఈ వ్యాధి వచ్చియుండినచో దాచక చెప్పవలయును. పిల్ల పెండ్లికి అడ్డువచ్చునని దాచిన సత్యము ఆ పిల్లకే కీడు చేయును.

నాలుగు: డబ్బు లేదని ఆగిపోరాదు. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ - ఆరోగ్య కర్ణాటక పథకము క్రింద బీద కుటుంబములకు సంవత్సరమునకు అయిదు లక్షల రూపాయలవరకు చికిత్స లభించును. ఇతర కార్డులవారికి ఖర్చులో కొంతభాగము లభించును. ఆంధ్రలోని బంధువులు చెప్పు పథకము ఆంధ్ర కార్డులవారిది. దానికై హిందూపురము పరుగెత్తి కాలము పోగొట్టుకొనవలదు.

అయిదు: పరిశోధనలో చేరుమని అడిగినచో వెంటనే అవుననవద్దు, వెంటనే కాదనవద్దు. కాగితము ఇంటికి తెచ్చుకొనుడు. జాతీయ పట్టికలో దాని సంఖ్య ఏది? నాకు మామూలుగా దొరకవలసిన చికిత్స తగ్గునా? హాని కలిగిన ఎవరు చూతురు? మధ్యలో మానవచ్చునా? ఫలితము నాకు చెప్పుదురా? ఈ అయిదు ప్రశ్నలకు సమాధానము వచ్చిన పిమ్మట, సంతకము పెట్టవలసినది భర్త కాదు, మరిది కాదు, సంఘపు పెద్ద కాదు, ఆమెయే.

ఆరు: ఆసుపత్రి కాగితములలోగాని, జనాభా లెక్కలలోగాని మాతృభాష ఏదని అడిగినపుడు తెలుగు అని చెప్పుడు. "ఎందుకు వచ్చిన గొడవ" అని కన్నడము వ్రాయించువారు మనలో కలరు. మనమే మనలను లెక్కనుండి తొలగించుకొనినచో, మనకొక కాగితము తెలుగున ముద్రింపుమని ఎవరిని అడుగగలము?

ఇక మన ఇల్లాలి సంగతి. మా ఇంటి ఆడువారిలో కన్నడము బాగుగా తెలిసినవారు ఆ ఇరువది పుటలను రెండు సాయంకాలములు కూర్చుండి ఆమెకు తెలుగున చదివి చెప్పిరి. మూడవ దినమున ఆమె ఆసుపత్రికి పోయి వైద్యురాలిని తన ప్రశ్నలు తానే అడిగెను. "ఇంతవరకు మమ్ము ఇట్లు అడిగినవారు అరుదు" అని ఆ వైద్యురాలు సంతోషించి, తీరికగా సమాధానములు చెప్పిరట. ఆమె చేరెనా, మానెనా అన్నది ఇచట ప్రచురింపము. అది ఆమె సొంత విషయము. చికిత్స మాత్రము జరుగుచున్నది. తిరిగి వచ్చునపుడు మా అంగడి ముందు నిలిచి ఆమె చెప్పిన మాట ఇది: "ఎలుకను ఎవరన్నా అడుగుతారా అన్నా? నన్ను అడిగినారు."

ఆ అడుగుట, ఆ చెప్పుట ప్రతి ఇంటికిని దక్కవలయును. రాబోవు ఆదివారము సాయంకాలము సంఘ భవనమున ఈ విషయమై సభ జరుగును. మగవారు తప్పక రావలయును. కాని ఒంటరిగా రావలదు. తల్లిని, భార్యను, అక్కచెల్లెండ్రను వెంటబెట్టుకొని రండు. వారే మాటలాడవలయును, ఆనాడు మనము వినువారము.